కోటిపల్లి రైలు జ్ఞాపకాలను పుష్కరాలలోగా భద్రపరచాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం వరకు వేస్తున్న రైలు మార్గం గురించి మీ పత్రికలో తరచుగా వార్తలు వస్తున్నాయి. గౌతమిలో లేచిన స్తంభాల గురించి, భూసేకరణ గురించి, నిధుల కేటాయింపు గురించి చదువుతున్న కోనసీమ వాసులందరిలాగే నేనూ ఆ పని త్వరగా పూర్తి కావాలని కోరుకుంటున్నాను. అయితే ఈ వార్తల్లో ఎక్కడా ప్రస్తావనకు రాని సంగతి ఒకటి ఉంది. కోటిపల్లి గోదావరి ఒడ్డుకు రైలు మొదటిసారి వచ్చింది 1928లో. కాకినాడ నుంచి వాకాడ, వేళంగి, నరసాపురపుపేట, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా 45 కిలోమీటర్లు సాగిన ఆ దారి సరిగ్గా పుష్కర కాలం నిలిచింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక 1940లో దాని పట్టాలు ఊడదీసి తీసుకుపోయారు. మళ్లీ రైలు రావడానికి 64 ఏళ్లు పట్టింది. మొదటి రైలు ఎక్కిన తరం దాదాపుగా వెళ్లిపోయింది. వారి మాటలు విని పెరిగిన మా తరం కూడా వయసు మీద పడినదే. నేను చూసినంతలో ఈ మార్గంలోని ఏ స్టేషన్‌లోనూ ఆ మొదటి రైలు గురించి ఒక్క వాక్యం రాసి లేదు. 2027లో గోదావరి పుష్కరాలు వచ్చేలోగా ఈ లోటు తీర్చమని రైల్వే అధికారులను, జిల్లా యంత్రాంగాన్ని మీ పత్రిక ద్వారా కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను.

మా అమ్మమ్మ పుట్టిల్లు ముక్తేశ్వరం దగ్గరి పల్లె, అత్తవారిల్లు కాకినాడ. ఆమెకు పెళ్లయిన నాటికి ఈ రైలు నడుస్తోంది. పండగకు పుట్టింటికి రావాలంటే కాకినాడలో బండి ఎక్కి కోటిపల్లిలో దిగడం, రేవులో పడవ ఎక్కి గౌతమి దాటడం, అవతలి ఒడ్డున అన్నదమ్ములు తెచ్చిన ఎడ్లబండిలో ఇంటికి చేరడం. ఆ ప్రయాణాన్ని ఆమె మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. బొగ్గు నలుసులు కంట్లో పడతాయని కిటికీ వైపు కూర్చోనిచ్చేవారు కాదట. అయినా ద్రాక్షారామం దగ్గరపడుతోందంటే ఆడవాళ్లందరూ లేచి భీమేశ్వరుడి గోపురం కనిపించే వైపుకు వచ్చి దణ్ణం పెట్టుకునేవారట. అట్టముక్కలా గట్టిగా ఉండే చిన్న టికెట్టును పోగొట్టుకోకుండా చీర కొంగున ముడి వేసుకునేదాన్నని ఆమె చెప్పేది. తిరుగు ప్రయాణంలో సారె పెట్టెలు, కొబ్బరికాయల బుట్టలు, అరటి గెలలు, నేతి డబ్బాలు పెట్టె నిండా ఉండేవట. కోనసీమ నుంచి పడవల్లో వచ్చిన సరుకు కోటిపల్లి రేవులో దిగి, రైలెక్కి కాకినాడ బజారుకు చేరేదని ఆమె మాటల్ని బట్టే నాకు అర్థమైంది.

అప్పటి ప్రయాణాలు ఎలా ఉండేవో తెలియని వారికి ఆ రైలు విలువ తెలియదు. కాటన్ దొర 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించి కాలువలు తవ్వించిన తరువాత డెల్టాలో రాకపోకలన్నీ చాలా కాలం నీటి మీదే సాగాయి. ఆ ఆనకట్టకు రాయి మోయడానికి ధవళేశ్వరం క్వారీల దగ్గర వేసిన పట్టాలు మన దేశంలోని తొలి రైలు దారుల్లో ఒకటి. అంటే బొంబాయి, ఠాణాల మధ్య 1853లో ప్రయాణికుల రైలు నడవడానికి ముందే గోదావరి ఒడ్డున పట్టాల మీద బండ్లు కదిలాయి. ఆ తరువాత 1893లో మొదలై మూడేళ్లలో తూర్పు కోస్తా రైలు మార్గం కటక్ నుంచి బెజవాడ దాకా వచ్చింది. రాజమహేంద్రవరం దగ్గర హేవలాక్ వంతెన 1900లో సిద్ధమైంది. కానీ అసలు డెల్టా గ్రామాలకు ఇవన్నీ దూరంగానే ఉండిపోయాయి. సామర్లకోట వెళ్లి రైలెక్కాలన్నా ముందు పడవలో ఒక రాత్రి గడపవలసిన ఊళ్లు ఎన్నో ఉండేవని మా పెద్దలు చెప్పేవారు. కాలువలు కట్టేసిన వేసవి రోజుల్లో ఆ పడవ దారి కూడా ఉండేది కాదు. పొలాల మధ్యకు, రేవు అంచుకు వచ్చిన మొదటి రైలు కనుకనే కోటిపల్లి బండి మా వాళ్ల మనసుల్లో అంతగా నిలిచింది.

గోదావరి పుష్కరాలకూ ఈ రైలుకూ ఉన్న సంబంధాన్ని ఎవరైనా గమనించారో లేదో నాకు తెలియదు. 1932 పుష్కరాల నాటికి రైలు ఉంది. కోటిపల్లి సోమేశ్వరస్వామి సన్నిధిలో స్నానానికి మెరక ప్రాంతాల నుంచి కూడా జనం ఆ బండిలో వచ్చారని, పెట్టెల పైకి ఎక్కి కూర్చున్న వారిని దింపడానికి పోలీసులు నానా తంటాలు పడ్డారని మా ఇంట్లో చెప్పుకునేవారు. 1944 పుష్కరాలు వచ్చేసరికి పట్టాలు లేవు. 1956, 1967, 1979, 1991 పుష్కరాలూ రైలు లేకుండానే గడిచాయి. 2003 పుష్కరాలు ముగిసిన మరుసటి ఏడాది రైలు తిరిగి వచ్చింది. 2015 పుష్కరాలలో మాత్రం కోటిపల్లికి రైలు మీద చేరే భాగ్యం మా తరానికి కలిగింది. ఇన్ని పుష్కరాలలో రైలు చూసినవి రెండే.

పట్టాలు ఎందుకు తీసేశారన్నది నేటి పిల్లలకు చెబితే నమ్మరు. యుద్ధ రంగాల్లో సైన్యానికి రైలు మార్గాలు వేయవలసి వచ్చింది. ఇనుము కొరత తీవ్రంగా ఉన్న ఆ రోజుల్లో రాబడి తక్కువని భావించిన శాఖా మార్గాలను దేశంలో పలుచోట్ల ఊడదీశారు. మా కోటిపల్లి మార్గం వాటిలో ఒకటి. దాని పక్కనే పడవలు నడిచే కాలువలు ఉండటం వల్ల జనానికి మరో దారి ఉందిలే అని అప్పటి ప్రభుత్వం అనుకుని ఉండవచ్చు. ఎక్కడో జరుగుతున్న యుద్ధం కోసం ఇక్కడి ఊళ్ల మధ్య నుంచి రైలును పీకుకుపోయినప్పుడు ఆ ఊళ్లలో ఎవరినీ అడిగి ఉండరు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు ఈనాటికీ బాధ కలుగుతుంది.

ఆ నిర్ణయం ఒక కుటుంబం మీద ఎలా పడిందో చెప్పడానికి మా ఇంటి సంగతే చాలు. మా అమ్మ కడుపున ఉన్నప్పుడు అమ్మమ్మ పురిటికి పుట్టింటికి రైలులోనే వెళ్లింది. మా పిన్ని పుట్టేనాటికి రైలు లేదు. నెలలు నిండిన మనిషిని కాకినాడ నుంచి గూడుబండిలో గడ్డి పరచి, మధ్యలో ఒక బంధువుల ఇంట ఆపి, రెండు రోజులకు గాని కోటిపల్లి చేర్చలేకపోయారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినప్పుడు పట్నం వదిలి పల్లెలకు పోయిన వారిలో మా వాళ్లూ ఉన్నారు. ఆనాడు ఆ దారిలో పట్టాలు ఉండి ఉంటే సాయంత్రానికల్లా అందరూ కోటిపల్లిలో ఉండేవారు. బండ్లు దొరకనివారు చంటిపిల్లలను చంకనేసుకుని, ముసలివారిని కావిళ్లలో కూర్చోబెట్టుకుని కాలువ గట్ల వెంట నడిచారు. పట్టాలు తీసేసిన పాత రైలు కట్ట మీదే తాము కొంత దూరం నడిచామని అమ్మమ్మ చెప్పినప్పుడు ఆమె గొంతులో కోపం వినిపించేది.

ఆ రైలు కట్ట మాకు కూడా తెలుసు. 1960ల్లో రామచంద్రపురం దగ్గర మా నాన్నగారు ఉపాధ్యాయులుగా ఉన్న ఊళ్లో మేము పెరిగాము. ఊరి చివర పొలాల కంటే ఎత్తుగా, ఎక్కడా వంకర లేకుండా సాగిపోయే ఆ మట్టి కట్టను అందరూ రైలు కట్ట అనే పిలిచేవారు. రైలును మాలో ఎవరూ చూడలేదు. అయినా ఆ పేరు మారలేదు. వానాకాలంలో ఊరి దారులన్నీ మోకాటి లోతు బురదైనా కట్ట మీద నడవగలిగేవాళ్లం. కుప్ప నూర్చే రోజుల్లో దాని మీద ధాన్యం ఆరబోసేవారు, పశువులను తోలుకుపోయేవారు, ఊళ్లో పెళ్లి ఊరేగింపులూ దాని మీదుగానే వెళ్లేవి. పంట బోదెల మీద అప్పటి ఇటుక తూములు చెక్కుచెదరకుండా ఉండేవి. వాటి గోడల మీద కూర్చుని చేపలకు గాలాలు వేసే మగపిల్లలను చూసి మేమూ వేస్తామని మారాం చేసేవాళ్లం. కొన్నిచోట్ల రైతులు పక్క పొలంలో కలుపుకొని కట్టను క్రమంగా సన్నం చేశారు. కొన్నిచోట్ల దాని మీద ఇళ్లు లేచాయి. తరువాతి కాలంలో కొత్త మార్గానికి కొలతలు వేసేటప్పుడు ఆ ఇళ్లవారికి ఎంత ఇబ్బంది కలిగిందో మా ప్రాంతంలో అందరికీ తెలుసు.

రైలు తిరిగి రావడం ఒకరోజులో జరిగినది కాదు. దశాబ్దాల పాటు ఎన్నికైన ప్రతి ప్రతినిధికీ మా పెద్దలు వినతిపత్రాలు ఇస్తూ వచ్చారు. అమలాపురం నుంచి ఎన్నికై 1998లో లోక్‌సభ స్పీకర్ అయిన జి.ఎం.సి. బాలయోగి కోనసీమకు రైలు తేవాలని ఎంత తపించారో ఇక్కడివారు మరచిపోలేదు. కోటిపల్లి–నరసాపురం మార్గం మంజూరైంది కూడా ఆయన ఆ పదవిలో ఉన్న కాలంలోనే. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన మరణించారు. కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు మళ్లీ నడిచిన 2004 నవంబరును ఆయన చూడలేకపోయారు.

ఆ కొత్త రైలులో మా అమ్మను రామచంద్రపురంలో ఎక్కించుకుని కోటిపల్లికి తీసుకువెళ్లాను. ఆమెకు మొదటి రైలు గుర్తు లేదు. పసిపిల్లగా తల్లి ఒడిలో ప్రయాణించిందే తప్ప తెలిసి ఎక్కింది కాదు. అయినా ద్రాక్షారామం రాగానే తన తల్లి చెప్పినట్లే లేచి నిలబడి గుడి వైపు దణ్ణం పెట్టుకుంది. పెట్టెలో ఉన్న పెద్దవాళ్లు మరికొందరు కూడా అదే పని చేశారు. అరవై నాలుగేళ్లు బండి లేకపోయినా ఆ అలవాటు ఇళ్లలో నిలిచి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

తరువాతి సంవత్సరాలలో ఈ దారిలో మేము ఎక్కువగా ఎక్కింది రైలు బస్సు. డ్రైవరు, ప్రయాణికులు అందరూ ఉండే ఒకే ఒక్క పెట్టె అది. వేరే ఇంజిను ఉండదు. వరిచేల మధ్య నుంచి అది మెల్లగా వెళుతుంటే పొలంలో నాట్లు వేసే ఆడవాళ్లు నడుము ఎత్తి చేతులు ఊపేవారు. కాకినాడ ఆసుపత్రులకు వెళ్లే వృద్ధులు, కళాశాల పిల్లలు, కూరగాయల గంపలు పెట్టుకున్న అమ్మకందారులు, కార్తిక మాసంలో ద్రాక్షారామానికీ కోటిపల్లికీ వెళ్లే భక్తులు అందులో కనిపించేవారు. బస్సు కంటే ఛార్జీ తక్కువ, కుదుపులూ తక్కువ. పేరు పెట్టి పలకరించుకునేంత చనువు ప్రయాణికుల మధ్య ఉండేది. ఎవరైనా ఒకరోజు రాకపోతే మరునాడు ఒంట్లో ఎలా ఉందని అడిగేవారు. రోజుకు ఎక్కువసార్లు తిరగని బండి కావడం వల్ల ఉద్యోగాలకు వెళ్లేవారికి అది అంతగా అక్కరకు రాలేదు. 2002లో యానాం–ఎదుర్లంక వారధి రావడంతో కోనసీమ జనంలో చాలామంది కోటిపల్లి రేవు మొహం చూడటం మానేసి రోడ్డు దారి పట్టారు. రేవు పలచబడితే రేవు కోసం వచ్చిన రైలూ పలచబడుతుంది. 2020లో కరోనా కారణంగా ఆ రైలు బస్సు ఆగింది. దానిని నష్టాల బండిగా మాత్రమే లెక్కగట్టిన వారు, వేళలు మార్చి, మరో రెండు దఫాలు నడిపి చూసి ఉంటే బాగుండేదని ఒక ప్రయాణికురాలిగా నా అభిప్రాయం.

నా విన్నపంలో పెద్ద ఖర్చుతో కూడిన పని ఏదీ లేదు. కాకినాడ, రామచంద్రపురం, ద్రాక్షారామం, కోటిపల్లి స్టేషన్లలో ఈ మార్గం చరిత్రను తెలుగులో, అందరూ చదవగలిగేంత పెద్ద అక్షరాలతో బోర్డుల మీద రాయించాలి. 1928లో దారి తెరవడం, 1940లో పట్టాలు తీసివేయడం, 2004లో తిరిగి రావడం, ఈ మూడూ వాటి మీద ఉండాలి. రైల్వే వారి పాత దస్త్రాలలో ఆనాటి స్టేషన్ల పటాలు, వేళల పట్టికలు, ఫొటోలు దొరికితే వాటి నకళ్లు అక్కడ పెట్టాలి. పాత కట్టకు చెందిన ఇటుక తూములు ఎక్కడైనా మిగిలి ఉంటే కొత్త పనుల పేరిట పడగొట్టకుండా గుర్తు వేసి కాపాడాలి. ఈ దారిలో నడిచిన రైలు బస్సు పెట్టె ఇక ప్రయాణాలకు పనికిరాదని నిర్ణయిస్తే దానిని తుక్కు కింద అమ్మకుండా కోటిపల్లి స్టేషన్ ఆవరణలో నిలిపి ఉంచాలి. రాజమహేంద్రవరంలో హేవలాక్ వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయినా అది ఇంకా గోదావరిలో నిలిచి ఉంది కనుకనే ఊరి పిల్లలకు దాని కథ తెలుసు. మా దారికి అటువంటి పెద్ద ఆనవాలు లేదు. ఉన్న చిన్నవాటినైనా ఉంచమంటున్నాము.

ఇందులో ఇళ్లవారు చేయవలసిన పని కూడా ఉంది. రామచంద్రపురం, కాజులూరు, కరప, గంగవరం ప్రాంతాల పాత ఇళ్లలో ఆనాటి టికెట్లో, సరుకు రశీదులో, స్టేషన్‌లో పనిచేసిన తాతల ఫొటోలో తప్పక ఉండి ఉంటాయి. తొంభై దాటిన పెద్దలు ఎవరైనా ఆ రైలును కళ్లతో చూసినవారు ఉంటే, వారి మాటలను మనవలు ఫోనులో రికార్డు చేసి ఉంచాలని వేడుకుంటున్నాను. ఈ పని వాయిదా వేయడానికి వీలులేదు. 1940లో పదేళ్లున్న పిల్లవాడికి 2027 పుష్కరాల నాటికి తొంభై ఏడేళ్లు వస్తాయి. మా అమ్మమ్మ చెప్పినవాటిలో నేను చిన్నతనంలో శ్రద్ధగా విన్నవి మాత్రమే ఇక్కడ రాయగలిగాను. ఆమె తోటివారు చెప్పగలిగినవి ఇంకెన్నో ఉండేవి.

రామచంద్రపురంలోని పాఠశాలల ఉపాధ్యాయ మిత్రులకు మరొక మనవి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు సాంఘిక శాస్త్రం ప్రాజెక్టుగా ఈ మార్గాన్ని ఇవ్వండి. వాళ్లు తమ ఊరి స్టేషన్ నుంచి పాత కట్ట ఎటు వెళ్లిందో నడిచి చూసి, పెద్దలను అడిగి పటం గీస్తే రెండో ప్రపంచ యుద్ధం వాళ్ల ఊరి పొలాల దాకా ఎలా వచ్చిందో ఏ పాఠ్యపుస్తకం చెప్పలేనంత బాగా తెలుసుకుంటారు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక తరగతితో ఈ పని చేయించాను. పిల్లలు గీసిన పటాలు నా దగ్గర ఉన్నాయి. బోర్డులు రాయించే అధికారులకు అవి ఉపయోగపడతాయంటే సంతోషంగా అందజేస్తాను.

విజయవాడ రైల్వే డివిజన్ అధికారులు, జిల్లా కలెక్టర్లు ఈ విన్నపాన్ని పుష్కరాల ఏర్పాట్ల ప్రణాళికలోనే చేర్చి, ఆ పనికి ఒక బాధ్యుడైన అధికారిని నియమించాలని, కోటిపల్లి–నరసాపురం పనుల పురోగతి గురించి రాసేటప్పుడు మీ విలేకరులు 1928 నాటి మార్గాన్ని కూడా ప్రస్తావించాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
రామచంద్రపురం.